నెట్టుకొచ్చిన ఇల్లు

బండి కొనేవాడు ఇంజను చూస్తాడు. ఇల్లు కొనేవాడు గోడలు చూస్తాడు. నేను రెండూ ఒకేసారి కొంటున్నాను కాబట్టి ఆ రెండూ వదిలేసి, చెప్పులు విడిచి లోపలికెక్కి, వెల్లకిలా పడుకుని కాళ్లు బార్లా చాపి చూశాను. పాదాలు ఎక్కడా తగల్లేదు. "సరిపోయింది" అన్నాను. ఆ మాట వినగానే అమ్మేవాడు ధర తగ్గించడం మానేశాడు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న వ్యాను అది. సైన్యమంతటిది ఎందుకు వదిలించుకుందో ఒకసారి బానెట్ ఎత్తి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి ఎత్తినా నాకు అర్థమయ్యేది కాదనుకోండి.

నా పని ఫొటోలు తీయడం. కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్లూ నా అంగడి ముందు గుమాస్తాలు వరస కట్టేవాళ్లు. గుడారాల్లో ఆఫీసులు, గుడారాల్లోనే కాపురాలు. సొంతూళ్లో ఉన్న తల్లికి తాము చిక్కిపోలేదని చూపించడానికి తలా ఒక ఫొటో. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఆ ముఖాలన్నీ రైలెక్కి వెళ్లిపోయాయి. నేనూ, ఖాళీ కుర్చీ, దాని వెనక తెర మీద గీసిన నెమలీ మిగిలాం. ముఖాలు మన దగ్గరికి రాకపోతే మనమే ముఖాల దగ్గరికి పోవాలి, అంగడికి చక్రాలు కట్టాలి అని అప్పుడు తోచింది. మంత్రాలయం, అహోబిలం, తిరునాళ్లు జరిగే ప్రతి ఊరూ తిరగొచ్చు. వ్యానులో ముందు సగం కాపురం, వెనక సగం ఫొటోలు కడిగే చీకటిగది. ఇంటికీ అంగడికీ రెండు బాడుగలు తప్పుతాయి. లెక్క చాలా బాగుంది. మొదలు పెట్టకముందు నా లెక్కలన్నీ బాగానే ఉంటాయి.

పాత పెట్రోలు ఇంజను తాగుడు భరించలేక, దాన్ని పీకించి డీజిలు ఇంజను పెట్టించాను. ఆ సలహా కర్నూలు బస్టాండు వెనక రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే మేస్త్రీది. ఆయన భారీ మనిషి. చెవి మీద బీడీ, చేతిలో పానా, నోట్లో ధైర్యం ఎప్పుడూ ఉండేవి.

"పెట్రోలు ఇంజను పెండ్లికూతురు మాదిరప్పా, ఊరూరికే అలుగుతాది. డీజిలు అట్ల గాదు. ఎద్దు మాదిరి. ఇంత మేత ఏస్తే సాలు, యాడికైనా పోతాది" అన్నాడు.

ఈ ఎద్దు పోలికను నేను నమ్మాల్సిన దానికన్నా ఎక్కువ నమ్మాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.

ఏ లారీ చచ్చిపోతే మిగిలిందో ఏమో, ఆ ఇంజను నా వ్యానులో మళ్లీ బతికింది. కానీ బతకడం ఇష్టం లేనట్టు బతికింది. పొద్దున లేవాలంటే వేణ్ణీళ్లు కావాలి. లేచాక వణుకు. ఆ వణుకుకు కడవ మీద మూత, గూట్లో దేవుడి పటం, చీకటిగదిలో మందుసీసాలు కలిసి భజన మొదలుపెట్టేవి. పాత ట్యాంకులోని తుప్పు డీజిలుతో కలిసి వచ్చి వడపోత గుడ్డకు అడ్డుపడేది. గొట్టంలో ఎక్కడో సందు చేసుకుని గాలి దూరేది; గాలి దూరితే డీజిలు అందక ఇంజను మాట మధ్యలో ఆపేసినట్టు ఆగిపోయేది. డీజిలును లోపలికి చిమ్మే నాజిల్ అనే చిన్న పిచికారీ మొరాయిస్తే నల్లటి పొగ వచ్చి, ఆరేసిన బట్టల మీద వాలేది. అప్పుడు నెట్టాలి. ఫొటో కోసం వచ్చిన వాళ్లను ముందు బండి నెట్టమని అడిగేవాణ్ని. తర్వాత ఫొటోలో అందరూ పొలంపని నుంచి వచ్చినవాళ్ల లాగా ఉండేవాళ్లు. లోకంలో అందరూ ఇల్లు కట్టుకుంటారు. మేం నెట్టుకున్నాం.

నా భార్య అన్న, అంటే నాకు బావ, ప్రొద్దుటూరులో వేరుశనగ నూనె మిల్లు నడుపుతాడు. చెల్లెలి కొత్త ఇల్లు చూద్దామని కర్నూలు వచ్చి, వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బావా, ఇది ఇల్లా, బండా?"

"రెండూను బావా."

"అంటే రెండిటికీ పనికిరాదన్నమాట."

బావలన్నాక ఎగతాళి తప్పదు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చెల్లెలి చేతికి గాజులు పలచబడ్డాయని ఆ ప్రదక్షిణంలోనే చూసినట్టున్నాడు.

"చూడు బావా, ఫాల్గుణ పున్నమికి అహోబిలంలో తేరు లాగుతారు. నేను యా సంవత్సరమూ తప్పను. ఆ పొద్దు తేరు వీధిలో నీ బండి నిలబడి నాలుగు దుడ్లు సంపాదిస్తాంటే, నా నోరు మూసుకుంటా. లేదనుకో, లారీలో ఇనుప గొలుసు ఏసుకొనే వస్తాండా. నీ బండి యాడ పడింటే ఆడి నుంచి మా మిల్లుకు ఈడ్చుకొని పోతా. లెక్కలు రాసేటోడు పని మానేసినాడు. ఆ కుర్చీ నీకే పెట్టిండా."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా, "సరేన్నా" అంది.

ఇల్లరికం అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. మా ఊళ్లో ఒక ఇల్లరికపుటల్లుడు ఉండేవాడు. దగ్గాలన్నా వాకిట్లోకి వెళ్లి దగ్గి వచ్చేవాడు. ఇప్పుడు నాకు సొంత ఇల్లుండగా, ఆ ఇంటితో సహా ఇల్లరికం పోవాల్సి వచ్చేట్టుంది. కెమెరా అటక మీద, నేను లెక్కల బల్ల వెనక, బావ నూనె పీపాల మధ్య నుంచి నన్నే చూస్తూ. ఆ సాయంత్రం నుంచి ఆకాశం వైపు చూడ్డం నాకు జబ్బయింది. అమావాస్య వెళ్లి నెలవంక కనబడితే అందరూ దండం పెట్టుకున్నారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆ వంక రోజూ ఇంత ఇంత లావెక్కుతుంటే నేను ఇంత ఇంత చిక్కిపోయాను.

ఎందుకంటే ఆ నెలవంక నాటికి మా ఇల్లు మేస్త్రీ షెడ్డులో ఉంది. మామూలుగా బండి షెడ్డుకు పోతే యజమాని ఇంటికి పోతాడు. మా ఇల్లే షెడ్డుకు పోయింది. కాబట్టి మేమూ షెడ్డులోనే కాపురం. మా మంచానికి మూరెడు దూరంలో ఎవరి బస్సో తెల్లవారుజామునే గొంతు సవరించుకునేది. ఇంజన్లు ఎత్తే గొలుసు మీద నా పంచె ఆరేది. మా గడప మెట్టు మీద లారీ డ్రైవర్లు కూర్చుని నా భార్యనే మంచినీళ్లు అడిగేవాళ్లు.

"మేస్త్రీ, ఎప్పుడవుతుంది?" అని రోజూ అడిగేవాణ్ని.

"గాలి పట్టిందప్పా. తీసేస్తాండా. ఐదు నిమిషాల పని."

మరునాడు, "నాజిల్ వీకుగా ఉండాది. మార్చేస్తే ఐదు నిమిషాల పని."

నాజిల్ మద్రాసు నుంచి రావాలి. వచ్చిన నాజిల్‌కు పంపు నచ్చలేదు. పంపు మారిస్తే గ్యాస్కెట్ కాలింది. ఒక్కో సామాను ధర చెప్పేటప్పుడు మేస్త్రీ గొంతు తగ్గించి, చావు కబురు చెప్పినట్టు చెప్పేవాడు. నేను కూడా అలాగే తల దించుకుని వినేవాణ్ని. నా భార్య కుట్టుమిషను డీజిలు పంపు అయింది. నీళ్లు కాచుకునే రాగి అండా బ్యాటరీ అయింది. పెద్ద ఫొటోలు చేసే నా యంత్రం గ్యాస్కెట్‌గా మారినా, ఇంజను ఇంకా ఆకలిగానే ఉంది.

"ఇంట్లో సామాన్లన్నీ ఒకటొకటే ఇంజన్లోకి పోతాండాయి" అంది నా భార్య. "ఏమయ్యా, రేపు నన్ను గూడా యాడో ఒకాడ బిగిస్తావేమో, ముందే చెప్పు."

ఆమె వంట షెడ్డు మూలలో మూడు రాళ్ల పొయ్యి మీద. పుంటికూర పప్పు తాలింపు వాసనకు మేస్త్రీ పానా కింద పెట్టి, చేతులు మసిగుడ్డకు తుడుచుకుని, "అమ్మా, ఏమో గమగమ అంటాండాదే" అంటూ వచ్చేవాడు. సంగటి ముద్ద ఒకటి, దాని మీదికి ఇంకొకటి. తిన్నాక కునుకు. కునుకు తర్వాత వేరే వాళ్ల బస్సు. ఇలా చాలా రోజులు జరిగాక ఒక మధ్యాహ్నం నా భార్య నా చెవి దగ్గర, "నీ బండికి జబ్బేమీ లేదయ్యా. నా పప్పుకే జబ్బు. అది బాగుండాది" అంది.

మరునాడు మేస్త్రీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"అమ్మా, ఈ పొద్దు ఉప్పు మరిసినట్టుండావే."

"మరువలేదన్నా. అయిపోయింది. మా ఇంటాయన అంగడికి పోయి తేవాలంటే బండి కదలాల గదా."

"అంగడి ఎదురుగానే ఉండాది గదమ్మా!"

"ఏమోన్నా, మా ఇంటాయనకు బండి లేకుంటే కాలు సాగదు."

నేను తల వంచుకుని చప్పటి పప్పు తిన్నాను. ఆ మరునాడు ఉప్పుతో పాటు కారమూ అయిపోయింది. ఆ సాయంత్రానికల్లా గాలి దూరుతున్న సందు మేస్త్రీకి దొరికింది. అరిగిపోయిన చిన్న వాషరు. మా కుట్టుమిషనూ, అండా, నా యంత్రమూ ఆ వాషరు వెనకాలే పోయాయని నాకు అర్థమైంది కానీ, సంతోషంలో మేస్త్రీకి దండం పెట్టాను. గొట్టానికి గాలి పడితే ఏ మర వదులు చేయాలో, చేతి పంపు ఎంతసేపు కొట్టాలో ఆయన చూపించాడు. చివరగా, పాత పెట్రోలు ఇంజను కాలం నాటి రేడియేటరుకు కారే చోట టంకం వేసి, దాని మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఈ టంకం నేను పోయినాక గూడా ఉంటాదప్పా."

పున్నమికి ఇంకా రెండు రోజులుండగా కర్నూలు విడిచాం. స్టీరింగు పట్టుకున్నది నేనే కానీ, బండిని నడిపింది నా చెవులు. ప్రతి చప్పుడుకూ గుండె జారేది. చప్పుడు ఆగితే ఇంకా జారేది. నా పక్కన నా భార్య ఒడిలో ఫొటోల గాజుప్లేట్ల పెట్టె పెట్టుకుని, పసిబిడ్డకు కుదుపు తగలకుండా పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. ఓర్వకల్లు రాళ్లు దాటి పాణ్యం వైపు పోతుండగా ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. దిగి చూస్తే రేడియేటరు అడుగున సన్నటి ధార. మేస్త్రీ క్షేమంగానే ఉండి ఉంటాడు. టంకమే పోయింది.

మా దగ్గర ఒక పీపా నీళ్లున్నాయి, కానీ అవి ఫొటోలు కడగడానికని కర్నూలులో తీర్థం మాదిరి జాగ్రత్తగా వడగట్టి తెచ్చుకున్నవి. వాటిని ముట్టనివ్వనని నా భార్య కడవ చంకనెత్తుకుని, దూరంగా కనబడుతున్న ఇళ్ల వైపు నీళ్లకు పోయింది. నేను ఒక్కణ్నే మిగిలాను. నన్ను ఒక్కణ్నే వదలకూడదు.

షెడ్డులో లారీ డ్రైవర్లు కారే రేడియేటరులో పసుపు వేయడం చూశాను. పసుపు పోయి చిల్లికి అడ్డం పడుతుంది. మా పసుపు డబ్బాలో చూస్తే గడపకు రాయడానికి సరిపోయేంతే ఉంది. పక్కన రాగిపిండి మూట నిండుగా ఉంది. మా ఇళ్లలో కొత్త కుండ కొంటే, అందులో ముందు రాగి అంబలి కాస్తారు. దాంతో కుండ సందులన్నీ పూడి చెమ్మ కారదు. మా అమ్మ కాచింది, మా అవ్వ కాచింది, మా సీమలో కాచని ఇల్లు లేదు. మట్టికుండకు పనికొచ్చింది ఇత్తడి కుండకు పనికిరాదా? పైగా డీజిలు ఇంజను ఎద్దు మాదిరి అని మేస్త్రీయే చెప్పాడు కదా. రేడియేటరు మూత తీసి చారెడు పిండి పోశాను. చారెడు చాలదేమోనని ఇంకో చారెడు. భయంలో చెయ్యి కొంచెం ధారాళంగానే ఉంటుంది.

నా భార్య సగం కడవతో తిరిగొచ్చింది. "ఊరంతటికీ ఒకటే బావి. మనిషికింత అని పంచుకుంటాండారు. ఒకామె పాపం, తన కడవలోనించి వంచింది" అంది. ఆ నీళ్లు పోశాం. ఇంజను లేచింది. ధార ఆగింది! నేను నా తెలివికి నాలో నేనే మురిసిపోతూ కొంతదూరం పోనిచ్చాను. అంతలో నాకు విపరీతంగా ఆకలేసింది.

"ఏమయ్యా," అంది నా భార్య ముక్కెగరేస్తూ, "ఎవరో సంగటి కెలుకుతాండారు."

"ఈ గుట్టల్లో ఎవరుంటారే?"

అంటుండగానే ముందు నుంచి ఆవిరి మేఘంలా లేచింది. తడిగుడ్డతో మూత తీశాను. లోపలి నుంచి గోధుమరంగు ముద్ద నెమ్మదిగా పైకి ఉబ్బి నా వైపు చూసింది. ఉండలు కట్టకుండా చక్కగా ఉడికింది. మా ఇంట్లో నేను చేసిన మొదటి వంట అది.

నా భార్య ముద్దనూ, రాగిపిండి మూటనూ, నన్నూ వరసగా చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. వెళ్లి మెట్టు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని మెల్లగా అంది:

"మా అన్న మంచోడే. మా వదినా మంచిదే. కానీ వాళ్లింట్లో నేను తినే ప్రతి ముద్దనూ ఎవరో ఒకరు చూస్తాంటారు. ఈ తుప్పు డబ్బాలో నా ముద్ద నేను చేసుకొని తింటాండా. అందుకే నీ ఎంబడి వచ్చినా. ఆ ముద్ద గూడా దీనికే పెడితివి గదయ్యా."

నేను అప్పటిదాకా పున్నమి గడువు నా ఒక్కడిదే అనుకున్నాను. గొలుసుకు రెండో కొస ఆమెకు కట్టి ఉందని ఆ మెట్టు దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది. ఏదైనా అనాలనిపించింది. రాగిపిండి మూట మూతి బిగించి కట్టి లోపల పెట్టాను.

దారిన పోతున్న ఒక ముసలి రైతు ఎద్దుల జతను ఆపి, ఆవిరి వైపు తొంగిచూశాడు. వాసన చూశాడు. సంగతేమిటో నేను సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

"సంగటి పెట్టినావు సరే, ఊరిమిండి పచ్చడి యాడప్పా? ఒట్టి సంగటి ఎట్ల మింగుతాది అది, గొంతు పట్టుకోదూ?"

నీళ్లు కావాలన్నాను. నవ్వు ఆపాడు. "నీళ్లా? నాకు కపిల బావి ఉండాది. కానీ మిరపతోట ఎండుతాండాది. నీ బండికి పోసిన బాన, నా తోటకు తగ్గినట్టే గదా" అన్నాడు. తర్వాత వ్యాను మీద రాయించిన కెమెరా బొమ్మను కాసేపు చూశాడు.

"మనుషులకేనా, గొడ్లకు గూడా తీస్తావా ఫొటో?"

"తీస్తాను."

"నా ఎద్దులకు తీయాల. జత చెడక ముందే. కొమ్ములు తెగిపోకూడదు. తీస్తానంటే రా."

ఎద్దు మాదిరి ఇంజనును నిజమైన ఎద్దులు లాక్కుపోయాయి. ఆయన బావి దగ్గర రేడియేటరు విప్పాను. ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతుంటే తోలుబాన బావిలోంచి పైకొచ్చి తొట్టిలోకి దూకేది. ఆ దూకే నీళ్ల కింద రేడియేటరును తలకిందులుగా మేమిద్దరం చెరోవైపు పట్టుకున్నాం. బాన తర్వాత బాన. ముందు బురద, తర్వాత తాళ్లు తాళ్లుగా సంగటి. అది కాలవలో పడి మిరపతోటలోకి పోయింది. ఎక్కడ ఆయన చాలంటాడోనని ప్రతి బానకూ ఆయన ముఖం చూశాను. తూర్పున చంద్రుడు లేచాడు. గుండ్రంగా కావడానికి ఇంకెంతో లేదు.

నీళ్లు శుభ్రంగా రావడం మొదలుపెట్టాక బిగించి, నింపి, ఊపిరి బిగబట్టి కింద చూశాను. ఒక్క చుక్క కారలేదు. రాగిపిండి చిల్లిలో మాత్రం గట్టిగా కూర్చుంది. నా మూర్ఖత్వంలో ఒక్క నలుసంత పనికొచ్చి, ఎక్కడ కావాలో అక్కడ అతుక్కుంది.

పొద్దున వెలుగు రాగానే ఎద్దులకు ఫొటో తీశాను. కొమ్ములు తెగిపోకుండా. అచ్చు వేశాక తిరుగుదారిలో నేనే తెచ్చిస్తానన్నాను.

"ఈ బండి తిరిగొస్తాదంటావా?" అన్నాడు ఆయన అనుమానంగా.

నంద్యాల, ఆళ్లగడ్డ దాటేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఇంజను వింటుందేమోనని భయం. పున్నమి నాడు పొద్దున్నే, అహోబిలం గుడి గోపురం కనబడుతున్న చోట, ఇంజను మాట మధ్యలో ఆపేసింది. గాలి. దిగి మర వదులు చేసి చేతి పంపు కొట్టాను. బుడగలు, బుడగలు, ఆపైన వట్టి డీజిలు. కానీ ఈ పనంతా అయ్యేసరికి బ్యాటరీ నీరసించింది. మా అండా మళ్లీ అండా అయిపోయినట్టు చల్లగా కూర్చుంది. డప్పుల మోత వినబడుతోంది. తేరు కదలబోతోంది.

దారి నిండా తేరు లాగడానికి పోతున్న జనం. చేతులన్నీ సిద్ధంగానే ఉన్నాయి. "అయ్యా, కొంచెం నెట్టండి" అన్నాను. ఎవరో "గోవిందా!" అన్నారు. ఇంకేముంది, వందమంది "గోవిందా" అని భుజాలు పెట్టారు. ఇంజను లేచినా వాళ్లు ఆపలేదు. ఏ తేరైతే ఏమి, పుణ్యం పుణ్యమే కదా. ఆ ఊపులోనే తేరు వీధి దాకా తెచ్చి వదిలారు.

వీధి మొదట్లో బావ నిలబడి ఉన్నాడు. భుజం మీద గొలుసు.

"ఏం బావా, ఇల్లు నెట్టుకొస్తాండావే!"

"సంసారమంటే అదే కదా బావా."

ఆయన ఇంకేదో అనబోయాడు. కానీ అప్పటికే నెట్టిన వాళ్లంతా, "ఫొటో తీస్తావంట గదా, తీయప్పా" అని మీదపడ్డారు. నా భార్య నెమలి తెర కట్టింది. జనం కెమెరా కాళ్లు తన్నేస్తుంటే, "అన్నా, ఆ గొలుసిట్లా ఇయ్యి" అంది. బావ రెండు గుంజలకు గొలుసు కట్టి, జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి వదులుతూ, పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డాడు. మిల్లు మాట ఎత్తలేదు. సాయంత్రం ఒకసారి మాత్రం, లెక్కల కుర్చీకి వేరే మనిషిని చూసుకోవాలని గొలుసుతో చెప్పుకున్నాడు.

అంతకుముందు, ఎండ నడినెత్తికొచ్చిన వేళ గొలుసు అవతల ఒక తెలిసిన గొంతు వినబడింది. మేస్త్రీ. స్వామికి మొక్కు తీర్చి, గుండు కొట్టించుకుని, కొత్త పంచెలో కుటుంబంతో వచ్చాడు. వ్యాను చూడగానే జనం వైపు తిరిగాడు.

"ఈ ఇంజను నా చేతి పని! కర్నూలు నించి ఈడికి ఒక్కసారైనా ఆగిందా అడగండి. ఇంగో, ఈ రేడియేటరు చూడండి, చుక్క కారతాండాదా? నా టంకం అది! నేను పోయినాక గూడా ఉంటాది!"

నా భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రాగిపిండి మాట ఎత్తలేదు.

"రండి మేస్త్రీ," అన్నాను. "మీ ఒక్కరికే ఒక ఫొటో తీస్తాను, బండి మీద చెయ్యి వేసి. డబ్బులొద్దు."

నీడ పడని వైపు నిలబెట్టాను. చెయ్యి బానెట్ మీద, గడ్డం పైకి, గుండు సూర్యుడికి ఎదురుగా. కదలొద్దని చెప్పి నల్లగుడ్డ లోపలికి దూరాను. నా భార్య పక్క నుంచి మజ్జిగ చెంబు అందించింది.

"ఎంతసేపప్పా?" అన్నాడు మేస్త్రీ కాసేపయ్యాక, పెదవులు కదల్చకుండా.

"కెమెరాకు గాలి పట్టింది మేస్త్రీ. తీసేస్తున్నాను."

ఇంకాసేపయ్యాక, "నెత్తి కాలతాండాదప్పా."

"అద్దం కొంచెం వీకుగా ఉంది. కదిలితే మళ్లీ మొదటి నుంచి చేయాలి."

గుడ్డ అవతలి నుంచి అనుమానం నిండిన గొంతుతో, "ఇంకా ఎంత?" అన్నాడు.

"ఐదు నిమిషాల పని," అని, మిగిలిన మజ్జిగ తీరిగ్గా తాగాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.